ఇటుకల పండగ నాడు ఆగిన బండి

కృపావతికి భయం ఎక్కువ. వెక్కిరించడానికి అనడం లేదు. ఎవరడిగినా ఆవిడే ముందు చెప్పే మాట ఇది. "నాకు బెదురెక్కువ బాబూ. బెదురున్నోల్లే ఈ పనికి పనికొత్తారు," అంటుంది. పనేమిటంటే, కొండ పక్కన స్టూలేసుకుని కూర్చుని, ఆ కొండ ఎప్పుడు మీద పడుతుందా అని చూస్తూ ఉండడం. దీనికి కాగితాల మీద పెద్ద పేరేదో ఉంది గానీ మేమందరం కటింగ్ కాపలా అనే అంటాం. నేను అరకు దగ్గర ఒక చిన్న స్టేషనులో, ట్రాకు పనివాళ్ళ సామాను గది చూసే గుమాస్తాని. బొబ్బిలి వైపు మైదానం వాణ్ణి. వచ్చి చాలా ఏళ్ళయినా ఈ కొండల కింద కూర్చుంటే నాకు ఇప్పటికీ వీపు గోడకి ఆనదు.

ఈ లైను సంగతి తెలియని వాళ్ళ కోసం ఒక ముక్క. కొత్తవలస దగ్గర మొదలై, అనంతగిరి కొండలెక్కి, అరకు దాటి, ఒడిశా మీదుగా బస్తరు లోపల కిరండూల్ దాకా పోతుంది. అరవైలలో వేశారు. అక్కడి ఇనుపరాయి విశాఖ రేవుకి దిగాలి, రేవు నుంచి జపానుకి పోవాలి. అందుకోసం కొండల్ని తొలిచి సొరంగం మీద సొరంగం కొట్టారు. ఇప్పటికీ రాయి కిందికి దిగుతుంది, జనం పైకి ఎక్కుతారు. ఎక్కే జనంలో సగం మంది అరకు చూడ్డానికొచ్చే పట్నం వాళ్ళు. వాళ్ళ కోసం అద్దాల పైకప్పు పెట్టెలు కూడా తగిలించారు. బండి సొరంగంలో దూరిందంటే చాలు, పిల్లా పెద్దా కలిసి ఒకటే కేకలు. సొరంగంలో చీకటి కాక ఇంకేం ఉంటుంది? నాకైతే ఒళ్ళు మండుతుంది. కృపావతి మాత్రం తప్పు పట్టదు. "అరవనీండి బాబూ. ఆ కేకలినపడితేనే బండి ఎక్కడుందో నాకు తెలుత్తాది," అంటుంది.

ఆవిడ కాపలా కాసేది రెండు సొరంగాల మధ్య ఉన్న కటింగ్. ఒక పక్క నిట్టనిలువునా కోసిన కొండ, రెండో పక్క లోయ, మధ్యలో ఒక్క బండి పట్టేంత చోటు. ఆవిడ భర్త బుధు అక్కడే పోయాడు. అతను కీమ్యాను. సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపులు కొట్టుకుంటూ పోయేవాడు. ఒక వానాకాలం సాయంత్రం పైనుంచి గుమ్మడికాయంత రాయి వచ్చింది. ఒక్కటే రాయి. దాని ముందు గానీ వెనక గానీ ఇంకోటి రాలేదు.

అతని ఉద్యోగం కృపావతికి ఇచ్చారు. ముందు గ్యాంగులో కంకర ఎత్తింది. తర్వాత తనే అడిగి ఆ కటింగ్‌కి మారింది. "ఏం తల్లీ, నీకు ఇంకో చోటే దొరకలేదా?" అని నేను కాస్త గట్టిగానే అడిగాను. "ఇంకెవులో కాత్తంటే నాకు ఇంటికాడ నిద్రట్టదు బాబూ," అంది.

అత్త సోములమ్మది ఇంకో దారి. ఈ లైను వేసేటప్పుడు ఆవిడ చిన్న గుంట. సొరంగంలోంచి రాళ్ళూ మట్టీ గంపలతో మోసింది. కొడుకు పోయిన నాటినుంచి బండెక్కడమే మానేసింది. ఎక్కడికెళ్ళినా జీపే. "కొండ కడుపు కోసినాం మేము. కోసినోల్లింట్లో ఒకుణ్ణి ఎత్తుకుపోయింది. అక్కడితో ఊరుకుంటాదేటి? ఇంకొకుల్ని అడుగుతాది," అని కోడలి మొహం మీదే అనేది. కృపావతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. కొండ అడగడమేమిటని పైకి కొట్టిపారేసేది. లోపల మాత్రం ఆ మాట ముల్లులా దిగిపోయింది. ఇంట్లో మిగిలింది ఇద్దరు, ఈ ముసలమ్మా, కొడుకు గాసీ. ఆ ఇద్దరిలో ఎవరిని అడుగుతుందోనన్నదే ఆవిడ భయమంతా.

ఆ భయంతోనే ఒకసారి మేకలు తొక్కిన రాళ్ళకి బండి ఆపేసింది. పైన మేకలు హాయిగా మేస్తున్నాయి, కింద గూడ్సు ఆగి ఉంది. పై అధికారులు సంజాయిషీ అడిగారు. గ్యాంగులో మగవాళ్ళు ఆవిడ కనబడినప్పుడల్లా మేకలా అరిచి ఏడిపించారు. తాడుని చూసి పామనుకునే రకమని పేరు పడిపోయింది.

ఇక ఆ రోజు సంగతికి వస్తాను. ఇటుకల పండగ చైత్రంలో వస్తుంది. విత్తనం వేసే ముందు చేసుకునే వేట పండగ. మగవాళ్ళు డప్పులు కొట్టుకుంటూ, బరిసెలూ బాణాలూ, ఒకటో రెండో నాటు తుపాకులూ పట్టుకుని అడవికి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి కర్ర అడ్డం పెట్టి, వచ్చే పోయే బళ్ళని ఆపి పండగ చందా అడుగుతారు. వేట కూడదని అటవీ శాఖ అంటుంది. నిజానికి వేటాడ్డానికి అడవిలో మిగిలిందీ లేదు. అయినా పండగ పండగే. గాసికి ఇరవై నిండలేదు. "చర్చికెల్లే ఇంటోడివి, నీకెందుకురా వేట?" అని తల్లి ముందు రోజంతా తిట్టింది. తెల్లారేసరికి వాడు తండ్రి బరిసె తీసుకుని, కుక్కని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

కృపావతి డ్యూటీకి బయల్దేరుతుంటే మరిది ఫల్గుణ ఎదురయ్యాడు. వేట గుంపుకి పెద్ద అతనే. "వదినా, ఇయాల నీ కటింగ్ మీది కొండ మీదే జంతువుల్ని తోల్తన్నాం. రాళ్ళు రాల్తే బెదిరిపోకు, అవి మేమే. మేకలకి ఆపినట్టు మాకూ బండాపేత్తావేటి?" అని నవ్వాడు. ఆవిడా నవ్వేసింది.

దారిలో ఆడపడుచు మొగుడు ఫోను చేశాడు. సోములమ్మ కొండ కిందనున్న కూతురింటికి వెళ్ళి ఆ రోజే తిరిగొస్తోంది. రోడ్డు పొడుగునా ఆడవాళ్ళు కర్రలు అడ్డం పెట్టడంతో జీపు డ్రైవర్లు ఈ రోజు మేం రామని భీష్మించుకున్నారట. చేసేది లేక అల్లుడు ముసలమ్మని బతిమాలి పొద్దుటి బండి ఎక్కించాడు. కొడుకు పోయాక ఆవిడ బండెక్కడం అదే మొదలు. "కటింగ్ దాటేదాకా కళ్ళు మూసుకునే కూకుంటానంది," అన్నాడతను.

కటింగ్‌లోకి చేరాక ఫోను పని చెయ్యదు. వాకీటాకీ కూడా ఆ కొండ మడతలో గరగరమంటుంది తప్ప పలకదు. అంతకుముందు రెండు రోజులుగా మామిడి జల్లులు గట్టిగా పడ్డాయి. ఎండ ఎక్కేసరికి తడిసిన కొండ ఆవిర్లు కక్కుతోంది.

కాసేపటికి నెత్తిమీద డప్పు మోగింది. వెనకే రాళ్ళు మొదలయ్యాయి. ముందు సెనగ గింజలంతవి, తర్వాత నిమ్మకాయలంతవి. టకటకమని దిగి పట్టాల పక్క కాలవలో పడుతున్నాయి. ఇంకో రోజైతే ఆవిడ గుండె నోట్లోకి వచ్చేది. ఆ రోజు రాలేదు. అవి మేమే అన్నాడు కదా ఫల్గుణ. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, రాళ్ళ చప్పుడు వింటూ కూడా నిమ్మళంగా చోడి అంబలి తాగానని తర్వాత నాతో చెప్పింది. అంబలిలో ఉప్పు ఎక్కువైందని కూడా ఆ పూటే తెలిసిందట.

గిన్నె కడుక్కుంటుంటే డప్పు మళ్ళీ మోగింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. చప్పుడు నెత్తిమీద నుంచి రావడం లేదు. ఎక్కడో పక్క కొండ మీదనుంచి, పల్చగా వస్తోంది. వేట గుంపు పంది అడుగులు పట్టుకుని ఎప్పుడో పక్క కొండకి దాటిపోయింది. పైన మనిషన్నవాడు లేడు. రాళ్ళు మాత్రం రాలుతూనే ఉన్నాయి.

తలెత్తి చూసింది. కొండ అంచున కల్లు గీసే జీలుగు చెట్టు ఒకటి ఉంది. పొద్దున నిటారుగా ఉన్న చెట్టు ఇప్పుడు లోయ వైపు ఒరిగి ఉంది. దాని మొదట్లో మట్టి నోరు తెరిచింది. కృపావతి గిన్నె అక్కడే వదిలేసి లేచింది. ఎవరిని అడుగుతుందోనని ఇన్నాళ్ళూ అనుకుంది కదా, ఇప్పుడు తెలిసిపోయింది. అత్తనే.

బండి కింది సొరంగంలోంచి వస్తుంది. సొరంగం బయటికి రాగానే కటింగే. ఇక్కడ నిలబడి ఎర్రజెండా ఊపితే డ్రైవరు చూసేసరికి ఇంజను కొండ కిందికి వచ్చేసి ఉంటుంది. అందుకని ఆవిడ ఆ సొరంగం దాటి, అవతలి వంపు దాకా పరుగెత్తాలి. ఎదురుగా వచ్చే బండికి ఎదురు వెళ్ళాలి. భుజాన సంచీ వేసుకుంది. అందులో ఎర్రజెండా, ఎర్రగా మండే మంటపుల్ల, పట్టా మీద కట్టే టపాకాయలు ఉంటాయి. ఈ టపాకాయలు గుండ్రటి రేకు డబ్బీల్లా ఉంటాయి. ఇంజను చక్రం ఎక్కితే తుపాకిలా పేలతాయి. ఆ పేలుడు వింటే డ్రైవరు బండి ఆపి తీరాలి.

సొరంగంలో అడుగు పెట్టేసరికి కళ్ళు కనబడలేదు. టార్చి వెలిగించింది గానీ పరుగులో వెలుగు ఒక చోట నిలవదు. కంకర కాలి కింద జారుతోంది. పైకప్పు నుంచి నీళ్ళు మెడ మీద పడుతున్నాయి. బండి వస్తే మనిషి ఒదిగి నిలబడ్డానికి గోడలో అక్కడక్కడ గూళ్ళు ఉంటాయి. ఒక గూడు దాటాక మళ్ళీ గూడు వచ్చేదాకా ఆవిడకి ఊపిరి ఆడలేదు. సగం దాటేసరికి కేకలు వినిపించాయి. నవ్వులతో కలిసిన కేకలు. బండి దీనికి దిగువనున్న ఇంకో సొరంగంలో ఉంది. అద్దాల పెట్టెలో జనం చీకటిని చూసి సరదాగా అరుస్తున్నారు. ఆ కేకలు ఈ సొరంగం గోడల వెంట పాకి ఆవిడ చెవుల్లో పడ్డాయి. వెనక్కి పోవాలనిపించింది. ఒక్క క్షణం వెనక్కి తిరిగానని కూడా నాతో చెప్పింది. తిరిగితే సొరంగం నోట్లోంచి ఆ కొండే కనబడింది. మళ్ళీ ముందుకే పరుగెత్తింది. పట్టా తగిలి బోర్లా పడి మోకాలు చీరుకుపోయింది. అది నొప్పి పుట్టిందని సాయంత్రానికి గాని తెలియలేదు.

వంపు దగ్గర మూడు టపాకాయలు పట్టాకి వరసగా కట్టింది. ఇంజను మొహం కనబడింది. జెండా ఊపుతూ పక్కకి దూకింది. ఢాం, ఢాం, ఢాం. కొండలన్నీ ఆ చప్పుడు తిరిగి చెప్పాయి. చక్రాలు కీచుమన్నాయి. బండి సొరంగం నోటి దగ్గరికి వచ్చి ఆగింది.

లోకోపైలట్ శివప్రసాద్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏటైందమ్మా? ఏటి పడింది?"

"పడలేదు సార్. పడతాది."

"పడతాదా? మళ్ళీ మేకలేనా ఏటి?" అన్నాడు. మేకల కథ కింద విశాఖ దాకా పాకింది మరి.

జనం బిలబిలమని దిగారు. బండి ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. సోములమ్మ కూడా ఎవరో చెయ్యి పట్టుకోగా మెల్లగా దిగింది. వంపు దగ్గర నిలబడితే సొరంగం మీదుగా కటింగ్ పై కొండ వీపంతా కనబడుతుంది. అందరూ అటే చూస్తున్నారు. ఏమీ పడలేదు. జీలుగు చెట్టు ఒరిగినట్టే ఉంది. ఎవరో నవ్వారు. కృపావతికి అప్పుడు ఇంకో భయం పట్టుకుంది, ఆ కొండ పడదేమోనని. "ప్రభువా, పడిపోనీ. బేగి పడిపోనీ," అని పైకే అనేసింది.

అన్న నోరు ఇంకా మూయలేదు. కొండ మీద ముందు కుక్క కనబడింది. తర్వాత దాని వెనక గాసి.

వేటలో ఒక కట్టుబాటు ఉంది. తుపాకి పేలిందంటే ఎక్కడివాడు అక్కడినుంచి పరుగెత్తాలి. పడిన జంతువుని ముందు తాకినవాడికి పెద్ద వాటా. పక్క కొండ మీద ఉన్నవాళ్ళు మూడు పేలుళ్ళు విన్నారు. ఎవడో పందిని కొట్టేశాడనుకున్నారు. చప్పుడు వచ్చిన వంపుకి అడ్డదారి కటింగ్ నెత్తిమీద నుంచే. గుంపు గుంపంతా కేకలేసుకుంటూ ఆ ఒరిగిన చెట్టు వైపే వస్తోంది. అందరికంటే ముందు, వయసులో ఉన్నవాడు కనక, గాసి.

కృపావతికి అర్థమైపోయింది. వాళ్ళని పిలిచింది తన టపాకాయలే.

"ఒరే గాసీ! ఆగరా! ఆగు!" అరిచింది. ఆ దూరానికి గొంతు చేరలేదు. ఇంజను దగ్గరికి పరుగెత్తి, "సార్, కూత కొట్టండి సార్, నా గుంటడు సార్," అంది. శివప్రసాద్ మొహంలో వెటకారం పోయింది. ఆపకుండా కూత కొట్టాడు. ఈ లైను పక్కన పుట్టిన ప్రతివాడికీ బండి కూత వేస్తే చెయ్యి ఊపడం అలవాటు. గాసి పరుగెడుతూనే బరిసె పైకెత్తి ఊపాడు.

సోములమ్మ కంకర మీద కూలబడింది. "అదిగో, అడిగేసింది," అంది. ఏడవలేదు. అరవలేదు. ఆ మాట ఆవిడ అంత నెమ్మదిగా అనడం తలుచుకుంటే తనకి ఇప్పుడు కూడా ఒళ్ళు జలదరిస్తుందని శివప్రసాద్ నాతో చెప్పాడు.

కృపావతి మంటపుల్ల తీసింది. దాని కొసనున్న మూత లాగి గీసింది. మొదటిసారి అంటుకోలేదు. రెండోసారి భగ్గుమంది. రైల్వేలో ఆ మంటని బండికి చూపిస్తారు. ఆవిడ బండికి వీపు పెట్టి కొండకి చూపించింది. రెండు చేతులూ పైకెత్తి, నిప్పురవ్వలు జుట్టు మీద పడుతున్నా పట్టించుకోకుండా ఊపింది. బుధు పోయిన సాయంత్రం కటింగ్ దగ్గర వెలిగింది అలాంటి మంటే. అప్పుడు గాసి బడికెళ్ళే పిల్లాడు. ఊరి గట్టు మీదనుంచి ఆ ఎర్ర వెలుగు చూస్తూ నిలబడ్డాడు. అది వెలిగితే ఏమిటో వాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

వాడు ఆగాడు. వెనక వచ్చేవాళ్ళకి బరిసె అడ్డం పెట్టాడు. కుక్కకి మంట సంగతి ఏం తెలుసు? అది పరుగెడుతూనే ఉంది.

ముందు జీలుగు చెట్టు వంగింది. తర్వాత కొండ ముఖం మొత్తం, తొందరేమీ లేనట్టు, కిందికి దిగింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. నేల కాళ్ళ కింద కదిలింది. ఫొటోలు తీస్తున్నవాళ్ళు అరుస్తూ బండిలోకి పరుగెత్తారు. ఈసారి కేకల్లో నవ్వు లేదు. సొరంగం నోట్లోంచి దుమ్ము పొగలా బయటికొచ్చింది. కొండ పైభాగం ఏమీ కనబడకుండా పోయింది. కృపావతి అలాగే నిలబడింది. మంటపుల్ల చేతిలో కాలి కాలి ఆరిపోయింది. దుమ్ము తొలగదు. చూడాలనీ ఉంది, చూడకూడదనీ ఉంది. ఆ కాసేపట్లో నేను చచ్చిపోయాను బాబూ, ఇప్పుడున్నది వేరే మనిషి, అంటుంది ఆవిడ.

దుమ్ము పల్చబడ్డాక కొత్తగా తెగిన అంచు కనబడింది. దానికి బారెడు దూరంలో గాసి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో గడ్డి పట్టుకుని ఉన్నాడు. ఫల్గుణ వాణ్ణి చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. కుక్క లేదు.

బండిని వెనక్కి నడిపించి కింది స్టేషనుకి తీసుకుపోయారు. మిషన్లు వచ్చి రాళ్ళు తీసేదాకా లైను మూసేశారు. పట్నం వాళ్ళు ఆవిడ ఫొటో పెట్టి ధైర్యవంతురాలని రాసుకున్నారు. నేను ఫోనులో చూపిస్తే ఆవిడకి కోపం వచ్చింది. "దైర్యమేటి? ఎవులు రాసినారిది?" అంది.

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా ఊళ్ళోకి వెళ్ళింది. ఇటుకల పండగలో ఇంకో ఆచారం ఉంది. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోసి, పాట కట్టి వెక్కిరిస్తారు. కొండ విరిగిపడినా పండగ ఆగదు కదా. పైగా మగవాళ్ళు బతికొచ్చిన సంతోషం. మగవాళ్ళు వరసగా నిలబడ్డారు. పాట మొదలైంది. కృపావతి ఏనాడూ ఆ ఆటలో చేరిన మనిషి కాదు. ఆ రోజు ఎవరి చేతిలోంచో కుండ లాక్కుని గాసి నెత్తిన కుమ్మరించింది. అందరూ విరగబడి నవ్వారు. ఇంకో కుండ తీసింది. అదీ పోసింది. మూడో కుండ ఖాళీది. దాన్ని పారేసి వాడి గుండెల మీద చేతులతో కొట్టడం మొదలెట్టింది.

"ఉరకమని ఎవుడన్నాడ్రా నిన్ను? ఎవుడన్నాడు?"

పాట ఆగిపోయింది. గాసి మొహాన కారుతున్న పేడనీళ్ళు తుడుచుకోలేదు. "నువ్వేనే అమ్మా. నువ్వే పేల్సినావు. ఇని ఒచ్చినాం," అన్నాడు.

తప్పు పట్టి అన్నది కాదు. జరిగింది చెప్పాడంతే. ఆవిడ చేతులు వాడి చొక్కా మీదే ఉండిపోయాయి. సోములమ్మ వచ్చి ఇద్దర్నీ విడదీసి, నీళ్ళు పెట్టి వాణ్ణి కడిగింది.

లైను తెరిచిన రోజు కృపావతి నా గదికి వచ్చింది, వాడేసిన టపాకాయల బదులు కొత్తవి తీసుకోవడానికి. నేను కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"ఆపకపోతే అత్త పోయేది. ఆపితే కొడుకు పోబోయినాడు. రేపు మళ్ళీ రాళ్ళు రాల్తే నన్నేటి సెయ్యమంటారు బాబూ?" అని అడిగింది.

బండి ఆపడమే నీ పని తల్లీ అనబోయి, ఆవిడ మొహం చూసి మానేసి, రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాను. టపాకాయలు ఆవిడ చేతిలో పెట్టాను. వాటిని పామును పట్టుకున్నట్టు పట్టుకుంది. సంచీలో వేసుకుని, భుజాన తగిలించుకుని, కటింగ్‌కి వెళ్ళిపోయింది.